అడవి దారిలో సైకిల్ తొక్కుతుంటే జంతువు ఎదురైతే ఏం చేయాలి?

“అన్నా, శ్రీశైలం సైకిల్ మీద పోదామనుకుంటున్నాం. దారిలో పులి వస్తే ఎట్లా?” నెలకు ఒకరైనా ఈ ప్రశ్న అడుగుతారు. ఇన్నేళ్లుగా నల్లమల దారుల్లో తొక్కుతున్నాను, పులి నాకు ఒక్కసారి కూడా కనపడలేదు. కుక్కలు తరిమాయి. కోతులు అరటిపండ్ల సంచీ ఎత్తుకెళ్లాయి. అడవిపంది ఒకటి ముందు చక్రానికి జానెడు దూరంలోంచి దూసుకుపోయింది. ఒకసారి ఎలుగుబంటి పది బారల దూరంలో లేచి నిలబడింది. అందుకే ఇది పులి గురించి తక్కువ, మిగతావాటి గురించి ఎక్కువ.

ముందుగా ఒక్క విషయం చెప్పుకుందాం, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. సైకిల్ చప్పుడు చేయదు. మోటారు సైకిల్ అర కిలోమీటరు ముందే వస్తున్నానని చెప్పేస్తుంది. నడిచేవాడు మెల్లగా, మాట్లాడుకుంటూ వస్తాడు. సైకిలేమో గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో, పిల్లిలా వచ్చి మలుపు తిరగ్గానే జంతువు ఎదుట పడుతుంది. చాలా జంతువులు మన మీదికి రావాలని రావు, ఉలిక్కిపడి వస్తాయి. ఆ ఉలికిపాటు లేకుండా చూసుకుంటే సగానికి పైగా పని అయిపోయినట్టే.

ఏమేమి కావాలి

పెద్ద గంట. ఇప్పుడు ఖరీదైన సైకిళ్లకు వచ్చే బొత్తాం సైజు గంట ‘టింగ్’ అని ఊరుకుంటుంది, అది పనికిరాదు. పాత సైకిళ్లకుండే స్టీలు గంట కొనండి, ట్రింగ్ ట్రింగ్ మని మోగాలి. మెడలో తాడుకు ఒక విజిల్. ముందు లైటు, వెనక ఎర్ర లైటు, పగలైనా సరే. నిండు ప్యాంటు, బూట్లు. తిండి పెట్టుకోవడానికి మూత గట్టిగా పడే సంచీ, బయటికి వేలాడే కవర్లు వద్దు. ఒక సబ్బు ముక్క, తాగే నీళ్లు కాక అదనంగా ఒక లీటరు, వెడల్పాటి గుడ్డ బ్యాండేజీ, ఒక పెన్ను.

స్పేర్ ట్యూబు కచ్చితంగా ఉండాలి. అడవి గురించి చెబుతూ ట్యూబు గొడవేంటి అనుకోకండి. ప్యాచ్ వేయాలంటే ఇరవై నిమిషాలు రోడ్డు పక్కన గొంతుకూర్చోవాలి. గొంతుకూర్చున్న మనిషి చిరుత కంటికి మేక ఎత్తే ఉంటాడు. ట్యూబు మార్చడం ఏడెనిమిది నిమిషాల పని. ప్యాచ్ ఊళ్లోకి వచ్చాక వేసుకోవచ్చు.

ఫోన్ నంబర్లు కాగితం మీద రాసుకోండి: 108, 112, ఆ దారి ఏ రేంజ్ కిందికి వస్తుందో ఆ అటవీ ఆఫీసుది, ఇంట్లోవాళ్లది. అడవిలో చాలా దూరం సిగ్నల్ ఉండదు. మీరు ఫోన్ చేయలేని స్థితిలో ఉంటే ఆ కాగితం ఇంకొకరికి పనికొస్తుంది.

టపాకాయలు, ఉండేలు తీసుకెళ్లొద్దు. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు. కేసు సంగతి అటుంచి, అడవే అంటుకుంటుంది.

ఇంకో మాట. ఒకతను హ్యాండిల్‌కు మేక మువ్వలు కట్టుకొచ్చాడు, చప్పుడు కోసం. గొర్రెలు కాసే తాత ఒకాయన చూసి, “అబ్బీ, ఆ మువ్వల చప్పుడు చిరుతకు భోజనం గంట కదా” అన్నాడు. ఆయన ఎగతాళికే అన్నాడేమో గాని, అతను అక్కడే విప్పేశాడు. సైకిల్ గంట, మనిషి గొంతు చాలు.

1. దారి గురించి ముందురోజే కనుక్కోండి

హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే అమ్రాబాద్ టైగర్ రిజర్వులోకి వెళ్తుంది. అక్కడి నుంచి దోమలపెంట దాకా అడవే. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను వదలరు. మిగతా దారుల్లో, ఆత్మకూరు–దోర్నాల కావొచ్చు, పాపికొండల వైపు కావొచ్చు, ఏ టైముకు గేటు వేస్తారో, సైకిల్‌ను వదులుతారో లేదో అక్కడే అడగండి. రోడ్డు మీద వెళ్లడం వేరు, రోడ్డు దిగి కాలిబాటలో అడవిలోకి దూరడం వేరు. అభయారణ్యంలో రెండోదానికి అనుమతి కావాలి. ఫోటో బాగా వస్తుందని దిగితే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది.

చెక్‌పోస్టులో అడగాల్సిన ప్రశ్న “జంతువులున్నాయా?” కాదు. ఉంటాయి, అడవి కదా. “ఈ వారంలో ఏవి రోడ్డెక్కాయి, ఏ మైలురాయి దగ్గర?” అని అడగండి. అప్పుడు సరైన సమాధానం వస్తుంది. పల్లెవెలుగు బస్సు డ్రైవర్లకూ ఈ లెక్క బాగా తెలుసు.

పులి తిరుగుతోందని అటవీ శాఖ చెప్పిన చోటికి ఆ రోజుల్లో సైకిల్ మీద వెళ్లకండి. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి చేలో పనిచేస్తున్న మహిళ పులి దాడిలో చనిపోయింది. అలాంటి చోట సాహసం గురించి మాట్లాడుకోవడం అనవసరం. ప్రయాణం వాయిదా వేయండి, లేదా సైకిల్‌ను బస్సు టాపు మీద వేయండి.

2. టైము చూసుకోండి

అందరూ చేసే తప్పు ఇక్కడే. ఎండ పడకముందే పోవాలని 6 గంటలకు గేటు తీయగానే అందరికంటే ముందు దూరతారు. రాత్రంతా ఖాళీగా ఉన్న రోడ్డు మీదే జంతువులు ఇంకా ఉంటాయి. మీరు ఆగి ఒక టీ తాగండి. నాలుగు బస్సులు, పది కార్లు వెళ్లాక 7 ప్రాంతంలో కదలండి. సాయంత్రం 5 కల్లా అడవి దాటేసేలా లెక్క వేసుకోండి. ఆ లెక్కలో ఒక పంక్చరుకు అరగంట కలపండి.

కాలం కూడా చూడాలి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలతాయి. రాత్రీ, తెల్లవారుజామునా ఎలుగుబంట్లు ఆ చెట్ల కిందే ఉంటాయి. ఎండాకాలం నీటి తొట్ల దగ్గర అన్నీ చేరతాయి. వానాకాలం పాములు.

3. ఇంటి దగ్గరే మూడు పరీక్షలు

బ్రేకు: ఖాళీ రోడ్డు మీద సుద్దముక్కతో గీత గీసి, 25 కిలోమీటర్ల వేగంతో వచ్చి గీత దగ్గర బ్రేకు వేయండి. గీత దాటాక 5 మీటర్లలో ఆగాలి. అడవిలో మీరు చూసి తేరుకునేసరికి ఒక సెకను పోతుంది, అదే 7 మీటర్లు. మొత్తం 12 మీటర్లు. ఘాట్ దిగుతూ 40 వేగంలో ఉంటే అదే లెక్క 24 మీటర్లకు పోతుంది. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. ఇప్పుడు నల్లమల మలుపులు గుర్తు తెచ్చుకోండి, చాలాచోట్ల 20 మీటర్ల అవతల ఏముందో కనపడదు. అంటే వేగం ఎంతుండాలో మలుపే చెబుతుంది.

గంట: ఎవరినైనా గోడ అవతల 50 అడుగుల దూరంలో నిలబెట్టి మోగించండి. ఫ్యాను తిరుగుతున్న గదిలో వాళ్లకు వినపడకపోతే ఆ గంట మార్చండి.

దిగడం: సైకిల్ ఆపి, దిగి, దాన్ని మీకూ ఎదుటి వస్తువుకూ మధ్య అడ్డంగా పెట్టడం. మూడు సెకన్లలో అవ్వాలి, ఎడమ వైపుకీ కుడి వైపుకీ. చాలామందికి ఎడమ వైపు దిగడమే అలవాటు. ప్రమాదం కూడా ఎడమ పొదలోంచే వస్తే జంతువు వైపు దిగినట్టవుతుంది. పదిసార్లు ప్రాక్టీస్ చేయండి. పెడల్‌కు బూటు బిగించుకునే రకం వాడేవాళ్లు అడవిలో బిగింపు వదులు చేసుకోండి, లేదా మామూలు చెప్పుల పెడల్ వేసుకోండి.

4. అడవిలో ఎలా తొక్కాలి

ఇయర్‌ఫోన్లు తీసి సంచీలో పెట్టండి. ఒక చెవిలోది కూడా.

రోడ్డు అంచున కాకుండా, వెనక బండి రానప్పుడు కొంచెం లోపలికి తొక్కండి. పొదకూ మీకూ మధ్య రెండు మీటర్లున్నా అది సమయమే. ప్రతి మలుపుకు ముందు గంట కొట్టండి. దిగుడులో తప్పనిసరి, ఎందుకంటే దిగుడులో పెడల్ తిప్పరు, గొలుసు చప్పుడు కూడా ఉండదు. ఇద్దరు ముగ్గురుంటే మాట్లాడుకుంటూ వెళ్లండి. మధ్యలో పది పదిహేను మీటర్ల కంటే ఎక్కువ ఎడం వద్దు. బలమైన తొక్కుడుగాడు ముందుకెళ్లి, అలిసినవాడు కిలోమీటరు వెనక ఒంటరిగా పడిపోవడం గుంపుల్లో మామూలే. అలిసినవాణ్ని ముందు పెట్టండి.

ఒంటరిగా ఉంటే పాట పాడుకోండి. ఎవరూ వినరు, ఎంత అపస్వరమైనా పర్లేదు.

5. కనపడగానే మొదటి పది సెకన్లు

ఏ జంతువైనా ఈ వరుస ఒకటే, తేనెటీగలు తప్ప.

బ్రేకు వేసి ఆగండి. దిగండి. సైకిల్ అడ్డం పెట్టండి. దాని వైపే తిరిగి ఉండండి, కానీ కళ్లలోకి గుచ్చి చూడొద్దు. వెనక వచ్చేవాళ్లకు చెయ్యెత్తి ఆగమని సైగ చేయండి. తర్వాత అడుగు వెనక అడుగు, నిదానంగా వెనక్కి. దానికి తప్పుకునే దారి వదలండి. మీరు రోడ్డుకు ఇటు ఒకరు, అటు ఒకరు ఉండి మధ్యలో జంతువును ఇరికించారంటే అది ఎవరో ఒకరి మీదుగానే పోతుంది.

మనసు మాత్రం “తొక్కెయ్, తొక్కెయ్” అంటుంది. సమతల రోడ్డు మీద బాగా తొక్కేవాడు కూడా ఆగిన చోటు నుంచి 35 వేగం అందుకోవాలంటే ఎన్నో సెకన్లు పడుతుంది. ఎలుగుబంటి, అడవిపంది ఆ లోపే అందుకుంటాయి. పైగా పారిపోయేదాన్ని తరమడం చాలా జంతువులకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. వీధికుక్కకు కూడా.

6. ఎదురైంది ఏదో దాన్నిబట్టి

కుక్కలు. అడవి మొదలయ్యే ముందు ఊళ్లలో, దాబాల దగ్గర ఇవే అసలు సమస్య. కుక్కకు తిరిగే చక్రం, ఆడే కాలు చూస్తే వెర్రి. చక్రం ఆగితే సగం కుక్కలకు ఆసక్తి పోతుంది. దిగి, సైకిల్ అడ్డం పెట్టి, గొంతు తగ్గించి గట్టిగా “పో” అనండి. కీచుగా అరవొద్దు. అప్పటికీ పోకపోతే వంగి రాయి తీస్తున్నట్టు నటించండి. మన ఊరి కుక్కలన్నిటికీ ఈ భాష తెలుసు. రాయి విసరొద్దు, అవసరమూ రాదు. వాటి హద్దు దాటేదాకా నడిచి, తర్వాత ఎక్కండి. కాలితో తన్నబోయి పడినవాళ్లను నేను ఇద్దరిని చూశాను. ఇద్దరికీ కుక్క కరవలేదు, ఒకరికి మోచెయ్యి విరిగింది.

కోతులు. కావాల్సింది మీరు కాదు, మీ సంచీ. తిండి కనపడనివ్వొద్దు, పెట్టొద్దు. పళ్లు బయటపెట్టి నవ్వొద్దు, దానికి అది బెదిరింపు. సంచీ పట్టేసుకుంటే లాగులాడకండి, వదిలేయండి. అది విప్పి చూసి అక్కర్లేనిది పారేస్తుంది. ఫోన్ సంచీ పై జేబులో పెట్టుకునేవాళ్లు ఇక్కడ ఒకసారి ఆలోచించుకోండి.

దుప్పులు, కణుజులు, మనుబోతులు. ఇవి కరవవు, పడేస్తాయి. ఒకటి రోడ్డు దాటిందంటే సంతోషించి తొక్కేయకండి, వెనక ఇంకో నాలుగున్నాయనుకోండి. చివరిది దాటి అర నిమిషం అయ్యాక కదలండి.

అడవిపంది, అడవిదున్న. పిల్లలతో ఉన్న పంది దారి మళ్లించుకోదు, నేరుగా వస్తుంది. సైకిల్ దాని ముందుకు తోసేసి మీరు పక్కకు జరగండి, చెట్టు చాటుకు పోగలిగితే మంచిది. దున్న పక్కకు తిరిగి తన ఒడ్డూ పొడుగూ చూపిస్తూ బుస కొట్టిందంటే మర్యాదగా చెబుతోందని అర్థం. 50 మీటర్లు వెనక్కి పోయి కూర్చోండి. దానికి తొందరేమీ ఉండదు.

ఎలుగుబంటి. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన అడవుల్లో మనిషిని ఉలిక్కిపడి గాయపరిచే జంతువుల్లో ముందు వరసలో ఉండేది ఇదే. నల్లమలే కాదు, శ్రీకాకుళం ఉద్దానం జీడితోటల్లో కూడా తిరుగుతుంది. కొందరు గుడ్డేలుగు అంటారు. ఆ పేరు ఎట్లా వచ్చిందో గాని దాని చూపు నిజంగానే అంతంత మాత్రం. వాసన మీద బతుకుతుంది. గాలి మీ వైపు నుంచి దానికి వీస్తే ముందే తెలుసుకుని పోతుంది, ఎదురుగాలి అయితే మీరు మీద పడేదాకా తెలియదు.

నా అనుభవం ఏప్రిల్‌లో, ఆత్మకూరు–దోర్నాల దారిలో బైర్లూటి దాటాక, ఉదయం ఏడు కాకముందు. దిగుడు. పెడల్ తిప్పట్లేదు. ఒక చెవిలో పాట. (పైన ఇయర్‌ఫోన్ల గురించి అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.) మలుపు తిరిగేసరికి రోడ్డు పక్క చెదపుట్ట మీద నల్లటి బొచ్చు. కమ్మరి కొలిమి తిత్తి ఊదినట్టు ‘ఉఫ్… ఉఫ్’ మని చప్పుడు, చెదపురుగులను పీలుస్తోంది. నేను బ్రేకు వేసిన చప్పుడుకు లేచి రెండు కాళ్ల మీద నిలబడింది. ఛాతీ మీద తెల్లటి గుర్తు, ముక్కు గాల్లో అటూ ఇటూ తిప్పుతోంది. మూతి నిండా ఎర్రమట్టి. దిగి సైకిల్ అడ్డం పెట్టాను, చేతులు వణుకుతున్నాయి. “నీ దారిన నువ్వు పో నాయనా” అని మెల్లగా అన్నాను, ఇంకేం మాట రాలేదు. అది నిలబడింది దాడికి కాదు, నేనేంటో వాసన చూడ్డానికని తర్వాత తెలిసింది. నాలుగు కాళ్ల మీదికి దిగి, ఒకసారి గుర్రుమని, పొదల్లోకి పోయింది. మొత్తం పది పన్నెండు సెకన్లు.

ముందు ఊళ్లో టీ తాగుతూ చెబితే ఒక చెంచు పెద్దాయన, “పుట్ట తవ్వేటప్పుడు దానికి దాని చప్పుడే వినపడతది. నువ్వే ముందు దగ్గాల” అన్నాడు. అప్పటి నుంచి మలుపుల్లో గంటతో పాటు దగ్గుతాను.

ఎలుగు ఎదురైతే: అరవొద్దు, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి. చెట్టెక్కొద్దు, అది మీకంటే బాగా ఎక్కుతుంది. మీదికి వస్తే సైకిల్‌ను డాలులా అడ్డం పెట్టండి. అయినా పడేస్తే బోర్లా పడుకుని, రెండు చేతుల వేళ్లు మెడ వెనక పెనవేసి, మొహం నేలకు ఆనించండి. హెల్మెట్ తీయొద్దు. అది మొహం మీదా తల మీదా గోళ్లు వేస్తుంది కాబట్టే ఈ జాగ్రత్త. సంచీ వీపున ఉంటే అలాగే ఉంచండి. అది దూరం పోయిందని తెలిసేదాకా లేవొద్దు.

చిరుత. ఎలుగుకు చెప్పినదానికి ఇది పూర్తిగా తిరగబడి ఉంటుంది, కలిపేసుకోకండి. చిరుతకు చిన్నగా కనపడకూడదు. వంగొద్దు, కూర్చోవద్దు, వీపు చూపొద్దు. సైకిల్ ముందు చక్రం పైకెత్తి పట్టుకోండి, చేతులు చాచండి, గట్టిగా అరవండి, విజిల్ ఊదండి. పిల్లలుంటే వంగకుండా పక్కకు లాక్కోండి. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత నడిచివెళ్లే భక్తులకు టీటీడీ చేతికర్రలు ఇచ్చింది. కర్రతో చిరుతను కొట్టి గెలుస్తారని కాదు, ఎత్తుగా, గుంపుగా కనపడితే అది లెక్క మార్చుకుంటుంది. పదేళ్ల లోపు పిల్లలను అడవి దారుల్లో విడి సైకిళ్ల మీద తీసుకురాకండి. పులికీ ఇదే పద్ధతి, ఇంకొంచెం ఎక్కువ దూరం.

ఏనుగు. చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి, ఉత్తరాన పార్వతీపురం మన్యం వైపు తొక్కేవాళ్లకు ఇది. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగులను (అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చినవి) ఆంధ్రకు అప్పగించింది. మంచిదే, కానీ మీ సైకిల్ ముందు కుంకీ నడవదు. వంద మీటర్ల లోపలికి వెళ్లొద్దు. చెవులు ఆడిస్తూ మేస్తుంటే దాని మానాన అది ఉంది. చెవులు విప్పార్చి, కదలకుండా మీ వైపే చూస్తుంటే మీరు ఇప్పటికే దగ్గరగా ఉన్నారు. సైకిల్ తిప్పి వచ్చిన దారిన వెళ్లిపోండి, అది ఇంకా మీదికి రానప్పుడు తొక్కడం తప్పు కాదు. మీదికి వస్తుంటే సైకిల్, సంచీ అక్కడే పడేసి పెద్ద బండరాయో, పక్కా గోడో ఉన్న చోటికి పోండి. సైకిల్ మీద మమకారం వద్దు.

పాము. సాయంత్రం వేడెక్కిన తారు రోడ్డు మీద రక్తపింజర చితికిన టైరు ముక్కలా పడి ఉంటుంది. పక్కనుంచి సందు చూసి దూరిపోదామనుకోవద్దు, కాలు సరిగ్గా దాని ఎత్తులో ఉంటుంది. ఐదు మీటర్ల ముందే ఆగి, అది పోయేదాకా ఉండండి. ఆగి టీ తాగి వచ్చాక గడ్డిలో పడేసిన సైకిల్‌ను చూడకుండా ఎత్తడం ఇంకో తప్పు. మొదట చక్రాన్ని తట్టండి, తర్వాత ఎత్తండి.

తేనెటీగలు. ఇవొక్కటే మినహాయింపు, ఆగకండి, తొక్కండి. వంతెనల కింద, డ్యాము గోడలకు, పెద్ద బూరుగు చెట్లకు వేలాడే కొండ తేనెపట్టు కనపడితే దాని కింద సెల్ఫీలు, సిగరెట్లు, అరుపులు వద్దు. లేచాయంటే తువ్వాలు మొహానికి చుట్టి, చూపు మాత్రం ఉంచుకుని, వందల మీటర్లు ఆగకుండా పోండి. చేతులు విసరొద్దు. నీళ్లలో దూకొద్దు, పైనే కాచుకుంటాయి. ఆగాక ముళ్లను వెంటనే గోటితో గీకేయండి. ఊపిరి ఆడకపోయినా, మొహం వాచినా, పదుల సంఖ్యలో కుట్టినా నేరుగా ఆసుపత్రికి.

7. వెళ్లిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

కనపడకపోవడమంటే పోవడం కాదు. పది నిమిషాలు ఆగండి. కొండముచ్చులు చెట్ల మీద నుంచి ఖక్ ఖక్ మని అరుస్తూ ఒకే వైపు చూస్తున్నాయంటే, ఆ వైపు పెద్ద జంతువు ఇంకా ఉంది. దుప్పి చెవులు నిక్కించి కాలు నేలకు కొడుతున్నా అదే. అవి మళ్లీ మేతలో పడితే మీరూ కదలొచ్చు. ఏనుగుల దారిలో లద్దె చూడండి: తడిగా, మెరుస్తూ ఉంటే ఇప్పుడే వెళ్లాయి. ఎండి, లోపల చెదలు పట్టి ఉంటే పాతది. ఇంకా అనుమానంగా ఉంటే వచ్చే లారీనో బస్సునో ఆపి దాని వెనకే వెళ్లండి. డ్రైవర్లు ఈ విషయంలో చాలా మంచివాళ్లు, కోపగించుకున్నవాళ్లను నేను చూడలేదు.

8. కరిస్తే, గీరితే

కుక్క, కోతి, ఏ పాలిచ్చే జంతువు పన్ను దిగినా, గోరు గీరి రక్తం వచ్చినా, రేబిస్ ఉందనే అనుకుని పని చేయండి. సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి 15. సంచీలో ఉన్న లీటరుతో మొదలుపెట్టి, దొరికిన మొదటి బోరింగు దగ్గర పూర్తి చేయండి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. టీకా ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వేస్తారు. కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజులు, చర్మంలోకి వేస్తే 0, 3, 7, 28 (0 అంటే మొదటి డోసు వేసిన రోజు). రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ కూడా వేయాలి. మీరే అడగండి. మూడో డోసు అయ్యాక “బాగానే ఉన్నా కదా” అని మానేసేవాళ్లు చాలామంది. తేదీలు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

పాము కరిస్తే కోయొద్దు, పీల్చొద్దు, బిగించి కట్టొద్దు. పామును పట్టుకోవడానికి, చంపడానికి పోవద్దు. ఉంగరాలు, వాచీ, బూటు తీసేయండి. విరిగిన ఎముకకు కట్టినట్టు, సైకిల్ పంపో కర్రో ఆసరా పెట్టి, బ్యాండేజీతో వదులుగా కట్టండి. బ్యాండేజీ కింద వేలు దూరాలి, అది సరిగ్గా ఉందనడానికి గుర్తు. కరిచిన టైము, వాపు ఎంతవరకు వచ్చిందో పెన్నుతో చర్మం మీదే రాయండి, డాక్టరుకు అదే ఉపయోగం. సైకిల్ తొక్కుకుంటూ పోవద్దు, నడవొద్దు, 108కి చేయండి లేదా ఏ బండైనా ఆపండి. ఆసుపత్రిలో గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కిందని లెక్క. ఆ పరీక్ష చేశారా అని పక్కనున్నవాళ్లు అడగొచ్చు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు. కనురెప్పలు వాలిపోతుంటే అది నిద్ర కాదు.

9. అడవి దాటాక

అవతలి చెక్‌పోస్టులో ఆగి ఏం చూశారో, ఏ రాయి దగ్గరో చెప్పండి. మీ వెనక ఎవరో వస్తుంటారు, పొద్దున్న మీరు అడిగిన ప్రశ్నే వాళ్లూ అడుగుతారు. తర్వాత స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, చంకల్లో, నడుము పట్టీ కింద పిడుదులు పట్టాయేమో చూసుకోండి. ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా లాగండి, అగ్గిపుల్లతో కాల్చొద్దు. సైకిల్ సీటు కింద, సంచీ పట్టీల్లో కూడా చూడండి. నాకు ఒకసారి మూడు రోజుల తర్వాత అక్కడే దొరికింది.